ఆకుముడతను తట్టుకుంటుందన్న టమాటాకు మళ్లీ ఆకుముడత ఎందుకు వచ్చింది?

ప్రశ్న – టమాటా రైతు, మదనపల్లె ప్రాంతం

ఆకుముడత వైరస్‌ను తట్టుకుంటుందని ప్యాకెట్టు మీద ముద్రించిన హైబ్రిడ్ విత్తనాన్నే నర్సరీలో ఇచ్చి నారు పోయించి, వేసవి పంట వేశాను. పూత రాకముందే కొన్ని సాళ్లలో చిగురాకులు పైకి ముడుచుకుని, అంచులు పసుపుబారి, మొక్కలు గిడసబారిపోయాయి. పక్క సాళ్లు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. ఇన్ని సంస్థలు కలిసి ఏళ్ల తరబడి పరిశోధించి తయారుచేసిన నిరోధక శక్తి మా చేలో ఎందుకు నిలవలేదో తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 – మొక్కల ప్రజనన (కొత్త రకాల రూపకల్పన) విభాగంలో పనిచేస్తున్న వ్యక్తి

అయ్యా, ఆకుముడత ఒకే వైరస్ వల్ల వచ్చే తెగులు కాదు. దక్షిణాదిలో ఎక్కువగా కనిపించే బెంగళూరు వైరస్ వేరు, ఉత్తరాదిలో విజృంభించే న్యూఢిల్లీ వైరస్ వేరు. రెండింటినీ మోసుకొచ్చేది మాత్రం తెల్లదోమే. దక్షిణ అమెరికాకు చెందిన ఒక అడవి టమాటా నుంచి నిరోధక శక్తిని సాగు టమాటాలోకి తెచ్చి హర్యానాలోని హిసార్‌లో హెచ్-24 అనే రకాన్ని రూపొందించారు. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం శాస్త్రవేత్తలు ఆ శక్తి 11వ క్రోమోజోములో ఎక్కడ ఉందో 2000లో గుర్తించారు. దానినే టీవై-2 జన్యువు అంటున్నాము. ఇది తైవాన్‌లోనూ మన దక్షిణాదిలోనూ బాగా పనిచేసింది గానీ, హెచ్-24 రకం పుట్టింది ఉత్తరాదిలోనే అయినా అక్కడి న్యూఢిల్లీ వైరస్ ముందు ఈ జన్యువు నిలవలేకపోయింది. అందుకే ప్రజననకారులు మరో అడవి జాతి నుంచి వచ్చిన టీవై-3ని దానికి జోడిస్తున్నారు. ఏ జన్యువు ఏ ప్రాంతపు వైరస్‌కు లొంగుతుందో ఒకే చోట పరీక్షిస్తే తెలియదు కనుకనే ఈ పనికి ఇన్ని సంస్థలు కలవవలసి వచ్చింది. మీ విత్తనంలోని జన్యువు మీ చేలోకి వచ్చిన వైరస్‌కు సరిపడకపోయి ఉండవచ్చు. ప్యాకెట్టు మీద ఏ జన్యువు ఉందో చెప్పకుండా ‘తట్టుకుంటుంది’ అని మాత్రమే రాయడం రైతుకు చాలదని నా అభిప్రాయం.

జవాబు 2 – నర్సరీ నిర్వాహకుడు

తెగులు సాళ్ల వారీగా కనబడటమే అసలు ఆనవాలు. తెల్లదోమ బయటి నుంచి వచ్చి ఉంటే సాధారణంగా గట్టు పక్క మొక్కల్లో మొదలై లోపలికి పాకుతుంది. మీ చేలో కొన్ని ట్రేల నారుకు నర్సరీలోనే వైరస్ సోకి, ఆ ట్రేలు వరుసగా ఆ సాళ్లలో పడి ఉండవచ్చు. నిరోధక రకమైనా లేత దశలో దోమ విపరీతంగా కుడితే ముడత చూపుతుంది. నారు మీద 40–50 మెష్ (అంగుళానికి అన్ని రంధ్రాలుండే) నైలాన్ వల కప్పారా, తలుపు దగ్గర సందులు వదిలారా అన్నది నారు పోసినవారినే అడగండి.

జవాబు 3 – ఉద్యాన శాస్త్ర విద్యార్థి

రెండు జవాబుల్లో ఏది మీ చేనుకు వర్తిస్తుందో పరీక్షతోనే తేలుతుంది. తెగులు సోకిన సాలు నుంచీ, దాని పక్కనున్న మంచి సాలు నుంచీ లేత చిగురాకులను విడివిడిగా తీసి, ప్యాకెట్టు మీది లాట్ నంబరుతో సహా దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి చూపించి, వైరస్ పరీక్షకు ఎక్కడికి పంపాలో అడగండి. బాగా ముడుచుకున్న మొక్కలను ఈలోగా పీకి పూడ్చివేయండి. అవి చేలో ఉన్నంత కాలం తెల్లదోమ వాటి నుంచే వైరస్‌ను మిగతా సాళ్లకు అంటిస్తుంది.