చెవిటివాడి ముందు శంఖం: ‘నీ తరం’ కాదా, ‘నీ తాత తరం’ కాదా?

అట్లాంటా అక్క
ఇక్కడి తెలుగు పత్రికకు ఒక వ్యాసం రాస్తున్నాను. సగం అమెరికా నల్లజాతి బధిరుల సంజ్ఞాభాష గురించి, సగం ఆటిజం ఉన్న నల్లజాతి పిల్లలకు సాయం ఎందుకింత ఆలస్యంగా అందుతోందన్న దాని గురించి. రెండో భాగానికి ‘చెవిటివాడి ముందు శంఖం’ అని శీర్షిక అనుకున్నాను. 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో 584 మంది నల్లజాతి పిల్లలను పరిశీలిస్తే, ఆటిజమని తేలేసరికి సగటున ఐదేళ్లు దాటిపోయాయి. తల్లిదండ్రులకు అనుమానం కలిగింది అంతకు మూడేళ్ల ముందే! సామెతకు ఒక తోక కూడా ఉంది కదా. ‘అది కొరకడం నీ తరం కాదన్నాడట’ అని మా అమ్మమ్మ అనేది. ‘నీ తాత తరం’ అని కూడా ఎక్కడో చదివాను. ఏది సరైనది?

పాతపుస్తకం
తాత తరమే. తాత లేకపోతే అది మామూలు మాట, సామెత కాదు.

అరసున్న
తోక లేకుండా ‘శంఖం ఊదినట్లు’ అన్నా అది సామెతే, పాతపుస్తకం గారూ. మా ఇంట్లో ‘నీ తరమూ కాదు, నీ తాత తరమూ కాదు’ అని రెండూ కలిపి అనేవారు. మీరు విన్నది అందులో తెగిన ముక్క అయి ఉంటుంది.

పాతపుస్తకం
మీ ఇంట్లో పెంచినదేమో. సామెత అరిగి చిన్నదవుతుంది కానీ పెరగదు.

చేంతాడు
తాతను కాసేపు కూర్చోబెట్టండి. కీలకం ‘కొరకడం’లో ఉంది. ఎదుటివాడు ఏదో తెల్లటి గట్టి వస్తువు నోటికి ఆనించాడు, బుగ్గలు ఉబ్బాయి, కళ్లు ఎర్రబడ్డాయి. కళ్లకు కనిపించినంత వరకు చెవిటివాడి లెక్క తప్పు కాదు, కొరుకుతున్నట్టే ఉంది మరి. వినపడదని తెలిసీ శంఖం ఊదినవాడిదే తెలివితక్కువతనం. మనం తరతరాలుగా నవ్వుతున్నది తప్పు మనిషిని చూసి.

అట్లాంటా అక్క
చేంతాడు గారూ, నాకు తోక కావాల్సింది అందుకే. ఫిలడెల్ఫియాలో జరిగి 2007లో వెలువడిన అధ్యయనం ఒకటుంది. నిపుణుల దగ్గరికి మొదటిసారి వెళ్లినప్పుడు ఆటిజమని చెప్పించుకునే అవకాశం తెల్లపిల్లలతో పోలిస్తే నల్లజాతి పిల్లలకు చాలా తక్కువ. అదే పిల్లలకు ‘ప్రవర్తన లోపం’ అన్న ముద్ర పడే అవకాశం ఎక్కువ. పిల్లవాడు చెవులు మూసుకుని నేలమీద కూలబడితే శబ్దం భరించలేకపోతున్నాడని అమ్మ చెబుతుంది, మొండితనమని అవతలివాళ్లు రాసుకుంటారు. శంఖాన్ని కొరుకుతున్నారనుకోవడం ఇదే కదా!

మూడో వరస
మా చెల్లెలు బధిర. ఈ శీర్షిక వద్దు. మొదటి సగమంతా బధిరుల భాషను గౌరవించి, రెండో సగంలో ‘వినిపించుకోనివాడు’ అనడానికి చెవిటివాణ్ణే తెచ్చి నిలబెడతారా? ఆ వైద్యులకు చెవులు బాగానే ఉన్నాయి. చేంతాడు గారి వాదనే తీసుకున్నా, చెవిటివాడు కనీసం కళ్లతో చూశాడు. వీళ్లు అదీ చేయలేదు.

అరసున్న
అయితే ‘అరణ్యరోదనం’ అనండి. సున్నాతో. పత్రికల వాళ్లు సున్నా ఎగరగొట్టి ‘అరణ్యరోదన’ చేశారు.

పాతపుస్తకం
ఆ అడవిలో పడకండి. అసలు ‘సంజ్ఞాభాష’ ఎందుకు? సంజ్ఞకు మన తద్భవం ‘సన్న’ ఉంది. కనుసన్న, చేసన్న. కావ్యాల నిండా ఉన్న మాట.

చేంతాడు
‘సన్నభాష’ అంటే బక్కచిక్కిన భాష అనుకుంటారండీ. పైగా ఆ భాష దానికి సరిగ్గా తలకిందులు. నల్లజాతి బధిరుల సంజ్ఞలు ఎక్కువ చోటు తీసుకుంటాయి. తెల్లవారు ఒంటిచేత్తో కానిచ్చేసే కొన్నింటిని వీరు రెండు చేతులతో చేస్తారు. నుదుటి దగ్గర చేయాల్సినవి నుదుటి దగ్గరే చేస్తారు, బుగ్గ మీదికి జారనివ్వరు. ఈ తేడాలను నల్లజాతి బధిర పరిశోధకురాలు కెరొలిన్ మెక్‌కాస్కిల్, ఆమె సహచరులు కలిసి గ్రంథస్థం చేశారు.

మూడో వరస
‘సైగ’ మాత్రం వద్దు. సైగ అంటే అర్ధోక్తి. అమెరికా సంజ్ఞాభాష వ్యాకరణం ఉన్న భాషేనని 1960లో భాషావేత్త విలియం స్టోకీ చూపించేదాకా లోకం అలాగే అనుకుంది.

అట్లాంటా అక్క
ఆ తేడాలు ఎలా మిగిలాయన్నదే నా మొదటి సగం. నల్లజాతి బధిర పిల్లలకు 1869లో ఉత్తర కరోలినాలోని రాలీలో వేరే బడి పెట్టారు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో అలాంటి వేర్వేరు బడులే నడిచాయి, లూసియానాలో 1978 దాకా. 1880లో బధిరుల చదువు మీద ఇటలీలోని మిలాన్‌లో జరిగిన సభ తర్వాత తెల్లపిల్లల బడుల్లో సంజ్ఞలను తోసేసి, పెదవుల కదలికతో మాటలు నేర్పాలని పట్టుబట్టారు. నల్లపిల్లల మీద అంత శ్రద్ధ ఎవరికి! ఆ ఖరీదైన శిక్షణ వారిదాకా అంతగా రాలేదు, చేతుల భాష బతికింది. 1968లో మెక్‌కాస్కిల్‌ను అలబామాలోని తెల్లవారి బధిర పాఠశాలకు మార్చినప్పుడు, అక్కడి ఉపాధ్యాయుల సంజ్ఞలు ఆమెకు అర్థం కాలేదు. తన భాష దాచుకుని వారిది నేర్చుకుంది. ఇప్పుడు నోటిమాట రాని ఒక నల్లజాతి ఆటిజం బిడ్డకు సంజ్ఞలు నేర్పుదామంటే ఎవరి సంజ్ఞలు? చాలామందికి ఈ ప్రశ్నే తట్టదు. సంజ్ఞలు నేర్పితే మాట వెనకబడుతుందని భయపెట్టేవాళ్లు మాత్రం ఇంకా ఉన్నారు.

చేంతాడు
ఆండ్రూ ఫాస్టర్‌ను వదలకండి. వాషింగ్టన్‌లోని బధిరుల కళాశాల గాలడెట్‌లో పట్టా పొందిన మొదటి నల్లజాతి బధిరుడు, 1954లో. ఆ తర్వాత ఆఫ్రికా వెళ్లి బడి తర్వాత బడి పెట్టాడు.

అరసున్న
శంఖం అనగానే నాకు పోతన. ‘సిరికిం జెప్పఁడు, శంఖచక్రయుగముం జేదోయి సంధింపఁడు’. ఏనుగు మొర వినగానే శంఖం కూడా పట్టకుండా లేచాడు. వినడమంటే అదీ. అక్కా, శీర్షిక అక్కడే ఉంది చూడండి.

మూడో వరస
నాకు ఆ వెనక నడిచే లక్ష్మి పద్యం ఇంకా ఇష్టం. ‘అడిగెద నని కడువడిఁ జను’. ఒక్క మాట పైకి రాదు. అంతా అడుగుల్లోనే. మా చెల్లెలికి నేను చేతులతో చెప్పగలిగిన ఒకే ఒక్క పద్యం అది. ‘నడ యుడుగున్’ దగ్గర రెండు వేళ్లను నడిపించి టక్కున ఆపుతాను.

పాతపుస్తకం
‘నడ’ కాదు, ‘నెడ యుడుగున్’.

అరసున్న
‘నడ’. నడక ఆగిందన్న అర్థం నేరుగా వస్తుంటే ‘నెడ’ ఎందుకు?

పాతపుస్తకం
నేరుగా వచ్చిందని పాఠం మార్చేస్తారా? అచ్చు ప్రతి తీసి చూడండి.

అట్లాంటా అక్క
శీర్షిక చోటు ఖాళీగా ఉంచి వ్యాసం పంపేశాను. ‘సిరికిం జెప్పఁడు’ బాగుంది కానీ సంపాదకుడు ఒప్పుకోడు, పద్యం అంటేనే బెదురుతాడు. తాత సంగతి ఇంకా తేలలేదు.

మూడో వరస
తాత మాట తర్వాత. ‘నెడ’ అంటే అక్కడ అర్థం ఏమిటి, పాతపుస్తకం గారూ? చేత్తో ఎలా చూపించాలి?