శిల్పారామం ట్రిప్‌లో 60 మందితో మట్టి పని: పచ్చి ప్రమిదలు ఎక్కడ కాల్పించాలి?

ఆరో తరగతి పిల్లలు 60 మంది, టీచర్లు నలుగురు. మాదాపూర్ శిల్పారామంలో గ్రామీణ మ్యూజియం చూపించాక, అక్కడ బొమ్మల రూపంలో కనిపించే పనుల్ని పిల్లలే చేయాలన్నది ఆలోచన. 20 మంది చొప్పున మూడు బ్యాచ్‌లు, ఒక్కో పనికి 40 నిమిషాలు: మట్టి, తిరగలి, మ్యూజియంలో బొమ్మలు గీయడం.

తిరగలితో పేచీ లేదు. జొన్నలు గుప్పెడు గుప్పెడే పోయాలి, ఎక్కువైతే పైరాయి లేచి నూకే పడుతుంది.

చిక్కంతా మట్టితోనే. సారె (కుమ్మరి చక్రం) ఒక్కటే అయితే తలా రెండు నిమిషాలు. అంతలో ముద్ద నడిమికి కూడా రాదు. అందుకే సారె మీద కుమ్మరి చేసి చూపిస్తారు, పిల్లలు తలా అరకిలో మట్టితో బొటనవేలితో నొక్కి ప్రమిద చేస్తారు. 30 కిలోలు, పైన ఓ ఐదు. గోడ చిటికెన వేలికన్నా మందంగా ఉంటే లోపల తడి నిలిచి, కాల్చేటప్పుడు ఆవిరై పగలగొడుతుంది. ఎండలో పెట్టినా అంచు ముందు ఎండి చీలుతుంది, కాబట్టి నీడలోనే వారం.

తెలిసినవాళ్లు చెప్పండి:

పచ్చి ప్రమిదల్ని బస్సులో ఎలా తేవాలి? ట్రేలో ఊక పోస్తే సరిపోతుందా, తడి గుడ్డ కూడా కప్పాలా?

నగరం చుట్టుపక్కల ఏ కుమ్మరి ఆవంలోనైనా (కుండలు కాల్చే బట్టీలో) 60 చిన్న ముక్కలు కలిపి కాలుస్తారా? ఎంత తీసుకుంటారు?

బయటి నుంచి మట్టి, సారె తెచ్చుకోవడానికి అక్కడ ముందస్తు అనుమతి కావాలా? ట్రిప్ వారం మధ్యలోనే, శని ఆదివారాల రద్దీలో ఇది అయ్యే పని కాదు.