గుండె కోలుకుంటే పంపు తీసేస్తారా?

నల్లమల_దారి:
తమ్ముడికి 34 ఏళ్లు. వైరల్ జ్వరం తర్వాత గుండె వాచి, నిరుడు ఎడమ జఠరికకు (రక్తాన్ని ఒంట్లోకి తోసే గుండె గదికి) సాయంగా హార్ట్‌మేట్ 3 అనే పంపు అమర్చారు. అప్పుడు ఈఎఫ్ (ఆ గదిలోని రక్తంలో ఒక్కో కొట్టుకు బయటికి వెళ్లే శాతం) 15. మొన్నటి ఎకో స్కాన్‌లో 42 వచ్చింది. ‘పంపు తీసేయవచ్చేమో చూద్దాం’ అన్నారు డాక్టరు గారు. అమ్మ అప్పుడే తిరుపతి మొక్కు గుర్తు చేస్తోంది. నాకేమో పంపు లేకుండా వాడు నిద్రపోవడం తలచుకుంటేనే భయం. మీ ఇళ్లలో ఎవరికైనా తీశారా?

కృష్ణాతీరం:
మా ఆవిడకు తీశారండి, ఇక్కడ డాలస్‌లో. కాన్పు తర్వాత వచ్చిన గుండె జబ్బు ఆమెది. 14 నెలలు పంపుతో ఉంది. ఒక్క ఎకో చూసి తీసేయరు. పంపు వేగాన్ని మెట్లు మెట్లుగా తగ్గిస్తూ ప్రతి మెట్టు దగ్గరా ఎకో చూస్తారు. ఆ తక్కువ వేగంలోనే ఆరు నిమిషాలు నడిపిస్తారు. వేగం తగ్గితే లోపల రక్తం గడ్డకట్టవచ్చు కనుక ముందే ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే పరీక్ష) సరిచూస్తారు. పంపు రక్తాన్ని ఆగకుండా తోస్తుంది కనుక నాడి సరిగా అందదు; అప్పటిదాకా డోప్లర్ (రక్తం పారే చప్పుడు వినే పరికరం) పెడితే తప్ప ఆమెకు బీపీ తెలిసేది కాదు. ఆ రోజు నర్సు మణికట్టు పట్టుకుని, ఏమీ మాట్లాడకుండా నా వేళ్లు తెచ్చి అక్కడ పెట్టింది. నాడి కొట్టుకుంటోంది.

ఉప్పుగాలి:
చేదు మాట ఎవరో ఒకరు చెప్పాలి కదా. మా నాన్నగారిది గుండెపోటు తర్వాతి బలహీనత. మచ్చకట్టిన కండరం తిరిగి ప్రాణం పోసుకోదట. మూడేళ్లుగా పంపుతోనే ఉన్నారు. డ్రైవ్‌లైన్ (పంపుకు కరెంటు అందించే తీగ) పొట్టలోంచి బయటికి వచ్చే చోట డ్రెస్సింగ్ నేనే మారుస్తాను. బ్యాటరీల సంచీ భుజాన వేసుకుని రోజూ చేను గట్టు దాకా వెళ్లి వస్తారు. మొదటి ఏడాది ప్రతి చెకప్‌లో ‘ఎప్పుడు తీస్తారు’ అని అడిగి ఆయన ముఖం చిన్నబోయేలా చేశాను. అది నా తప్పే.

పర్ఫ్యూజనిస్టు_పక్కింటబ్బాయి:
ఇద్దరు చెప్పిందీ నిజమే. జబ్బు మూలం ఏమిటన్నదే అసలు తేడా. పంపు భారం మోస్తుంటే సాగిపోయిన జఠరిక కుదించుకుంటుంది, కానీ పంపు ఒక్కటే చాలదు. మందుల మోతాదు వీలైనంత పెంచాలి. బ్రిటన్‌లోని హేర్‌ఫీల్డ్ ఆసుపత్రిలో గుండె సర్జన్ మగ్దీ యాకూబ్ బృందం ఇలాగే చేసి, 15 మందిలో 11 మందికి పంపు తీశామని 2006లో ప్రకటించింది. తర్వాత అమెరికాలో ఆరు కేంద్రాల్లో చేసిన అధ్యయనంలో 40 మందిలో 16 మందికి పంపు తీశాక ఏడాది గడిచినా గుండె నిలబడింది. వీళ్లంతా ఏరికోరి తీసుకున్నవాళ్లు, ఎవరిదీ గుండెపోటు వల్ల వచ్చిన జబ్బు కాదు. మొత్తం పంపు రోగుల్లో తీయించుకునేది నూటికి ఒకరిద్దరే.

ఇంకో విశేషం. పాత అణుబాంబు పరీక్షలు గాలిలో వదిలిన కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్‌తో కణాల వయసు లెక్కగట్టారు. పంపుతో కోలుకున్న గుండెల్లో కొత్త కండర కణాలు ఆరోగ్యవంతుల గుండెలో కన్నా ఆరు రెట్లకు పైగా వేగంగా పుడుతున్నాయట. ఎందుకో ఇంకా తేలలేదు.

నల్లమల_దారి:
వేగం తగ్గించే పరీక్ష వచ్చే గురువారం. ఇవన్నీ తమ్ముడికి చదివి వినిపించాను. ‘ముందు నా వేళ్లు పెట్టించు, తర్వాత నీవి’ అన్నాడు.

కృష్ణాతీరం:
పంపు తీశాక మందులు ఆపేస్తారని మాత్రం అనుకోనివ్వకండి. మా ఇంట్లో మాత్రల డబ్బా ఇప్పటికీ భోజనాల బల్ల మీదే ఉంటుంది.