సమస్య: చెత్తబుట్టలోన చిక్కె పాండ

నిర్వాహకుడు:
ఈ వారం ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలూ మీరు పూరించాలి.

“చెత్తబుట్టలోన చిక్కె పాండ”

అయిదూ హగణాలే (గురువు పక్కన లఘువు), యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన జత) చె–చి. పాండా దీర్ఘం ఏమైందని అడగకండి, ఉంచితే గణం చెడుతుంది. అమెరికాను అమెరిక అని రాసేవాళ్ళమే కదా మనమంతా. వాషింగ్టన్ జూలో ఇప్పుడున్న జంటకు చైనాకు కట్టే అద్దె ఏడాదికి పది లక్షల డాలర్లు. అంత ఖరీదైన జీవి చెత్తబుట్టలోకి ఎలా వచ్చిందో మీరే చెప్పాలి.

రిచ్మండ్ అక్కయ్య:
ఇది మా ఇంటి కథే, కాబట్టి మొదటి పూరణ నాది.

కళ్ళ చుట్టు గంత కట్టిన రక్కూను
రాత్రి వేళ వచ్చి రచ్చ చేసె
ఊరి వారు పెట్టిరొక ముద్దు పేరును
చెత్తబుట్టలోన చిక్కె పాండ

ఇక్కడ అమెరికాలో రాత్రిపూట చెత్తడబ్బాలు వెతికే రకూన్ అనే జంతువును ‘ట్రాష్ పాండా’, అంటే చెత్త పాండా అంటారు. అలబామాలో ఒక బేస్‌బాల్ జట్టుకే ఆ పేరు పెట్టుకున్నారు. మా చెత్తడబ్బా మూత మీద ఇటుక పెట్టినా లాభం లేకపోయింది. ఒక రాత్రి చప్పుడైతే టార్చి వేసి చూశాను. లోపల ఉంది, పైకి రాలేకపోతోంది. దానికేం టెన్షన్ లేదు. గోంగూర పచ్చడి డబ్బాలో రెండు చేతులూ పెట్టి తడుముతోంది, చూపు మాత్రం నా వైపు. చేతులు ఏం చేస్తున్నాయో ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. మావారు ఒక చెక్క తెచ్చి వాలుగా ఆనిస్తే మెట్లెక్కినట్టు ఎక్కి, తాపీగా వెళ్ళిపోయింది. పచ్చడి మాత్రం ముట్టలేదు. అది కాస్త బాధగా ఉంది.

తణుకు మాస్టారు:
అమ్మా, మొదటి పాదం బాగుంది. రకూన్‌ను గణం కోసం ‘రక్కూను’ చేశారు. రక్కే జంతువే కాబట్టి వదిలేశాను. మూడో పాదంలో ‘పెట్టిరి + ఒక’ అని విడదీస్తే ఊ–ఒ స్వరయతి చక్కగా కుదిరింది. కానీ అక్కడే తాడు తెగింది. ముద్దు పేరు పెట్టారన్నారు, ఏం పేరో చెప్పలేదు. ‘ట్రాష్ పాండా’ సంగతి తెలియని తెనాలి పాఠకుడికి పద్యం అందదు. కింద వచనంలో చెప్పినది లెక్కలోకి రాదు. ఇలా మార్చి చూడండి:

‘పాండ’ యనుచు జనులు పలుకంగ నవ్వితి

రిచ్మండ్ అక్కయ్య:
మార్చేశాను మాస్టారూ. నవ్వింది మాత్రం మావారు, నేను కాదు.

పశువైద్యం చదివే తమ్ముడు:
పెద్దలు క్షమించాలి. రకూన్ పాండా కాదు. పాండా ఎలుగుబంటి జాతిది, రకూన్‌ది వేరే కుటుంబం. ఎర్ర పాండాదైతే ఆ రెండూ కాని మూడో కుటుంబం. అసలు పాండా అన్న పేరు ముందు దానిదే, 1825లోనే పెట్టారు. నలుపు తెలుపుల పాండా పాశ్చాత్య శాస్త్రవేత్తల కంటబడింది 1869లో. ముద్దు పేరు పట్టుకుని సమస్య తీర్చేస్తే మోసం కాదా?

తణుకు మాస్టారు:
బాబూ, పాండా ఎలుగా, రకూన్ చుట్టమా అని శాస్త్రజ్ఞులే నూరేళ్ళకు పైగా కొట్టుకున్నారు. 1980లలో జన్యు పరీక్షలు వచ్చాకే ఎలుగు పక్షాన తీర్పు వచ్చింది. జీవుల వర్గీకరణకు ఆద్యుడైన లిన్నేయసైతే రకూన్‌నే ఎలుగుల్లో చేర్చి, ‘కడుగుకునే ఎలుగు’ అని అర్థం వచ్చేలా లాటిన్ పేరు పెట్టాడు. కాబట్టి ఆ ముద్దు పేరు పెట్టినవాడు తెలియకుండానే పాత తగవును కెలికాడు. నా పూరణ నీకే అంకితం:

పాండ యెలుగొ కాదొ పండితు లెరుగక
తగవు పడిరి, మూడు తరము లాయె
తేలె ననగ నేడు తిరిగి మా వీధిలో
చెత్తబుట్టలోన చిక్కె పాండ

పశువైద్యం చదివే తమ్ముడు:
ఓడిపోయాను గురువుగారూ. ‘తేలె ననగ’ దగ్గర ఆగి రెండుసార్లు చదువుకున్నాను.

నిర్వాహకుడు:
ఇప్పటికి ఇదే ముందుంది. ఒక్క మాట, తణుకులో మీ వీధికి రకూన్ ఎక్కడిది మాస్టారూ?

తణుకు మాస్టారు:
కవి వీధి. దానికి పిన్‌కోడ్ ఉండదు.

విశాఖ తాతగారు:
మొన్న అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు వాషింగ్టన్ జూకి తీసుకెళ్ళారు. టికెట్ లేదు, కారు పార్కింగ్‌కే డబ్బులు. పాండా గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, అచ్చం భోజనం అయ్యాక నేను కూర్చున్నట్టే కూర్చుంది. కాకపోతే దానికి భోజనం అవ్వదు. మణికట్టు దగ్గర బొటనవేలులాంటి ఎముక ఒకటుంది, దాంతో వెదురు కర్ర పట్టుకుని చెరుకు గడలా పెచ్చు తీస్తుంది. అక్కడ 2005లో పుట్టిన కూన వెన్న కడ్డీ అంతే ఉండేదట. తర్వాత తాయ్ షాన్ అని పేరు పెట్టినా ఊరి జనం మాత్రం ‘బటర్‌స్టిక్’ అనే పిలిచారట. మా మనవరాలు ఒక పాండా బొమ్మ కొనిపించుకుంది. దాని గతి ఇదీ:

బొమ్మ చినిగె ననుచు పారేసె కోడలు
మనుమరాలి కంట మడుగు కట్టె
వెదకి వెదకి తాత వీధిలో చూడగా
చెత్తబుట్టలోన చిక్కె పాండ

తణుకు మాస్టారు:
మడుగు కట్టిన కన్ను బాగుందండీ. కానీ మొదటి పాదంలో యతి తప్పింది. బ–ప వర్గయతి సరే, ఒత్వానికీ ఆత్వానికీ పొత్తు లేదు. ‘పాతబొమ్మ యనుచు పారేసె కోడలు’ అనండి. కోడలు కూడా కాస్త తక్కువ దోషి అవుతుంది.

విశాఖ తాతగారు:
చిరిగింది నిజం. అయినా యతి కోసం, ఇంట్లో శాంతి కోసం మీ మాటే ఉంచుతాను.

కర్నూలు కుర్రోడు:
రకూన్ లేదు, బొమ్మా లేదు. చూడండన్నా.

అడవి కావు మనుచు నచ్చైన కరపత్ర
మందు పాండ బొమ్మ మలచినారు
చదివి నవ్వి యొకడు చప్పున విసరెను
చెత్తబుట్టలోన చిక్కె పాండ

నిర్వాహకుడు:
ఇది నేను ఊహించని దారి. ప్రకృతి సంరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ 1961లో పాండాను గుర్తుగా ఎంచుకున్నప్పుడు, నలుపు తెలుపుల్లో అచ్చు ఖర్చు తగ్గుతుందన్నదీ ఒక కారణం. ఆ అచ్చు చివరికి ఎక్కడికి చేరిందో మీరు చెప్పారు. పాదం చివర ‘కరపత్ర–మందు’ విరుపు చూసి కొందరు ముఖం చిట్లించవచ్చు, నాకు మాత్రం కాగితం చింపినట్టే వినిపించింది. మాస్టారు ఏమంటారో?

తణుకు మాస్టారు:
నా పద్యం రెండో స్థానానికి దించండి.

రిచ్మండ్ అక్కయ్య:
రకూన్‌కు తెలుగులో మంచి ముద్దు పేరేదీ లేదా? లోరిస్‌ను దేవాంగపిల్లి అంటాం కదా.

విశాఖ తాతగారు:
కాటుకదొంగ.

కర్నూలు కుర్రోడు:
ఎలుగుబంటి ఉంది కాబట్టి ‘చెత్తబంటి’ అనేద్దాం.

తణుకు మాస్టారు:
భేష్. రెండు హగణాలు, యతికీ సరిపోతుంది: ‘చెత్తబుట్టలోన చెత్తబంటి’.

నిర్వాహకుడు:
అలా అయితే ఇక సమస్య ఏముందండీ?