సైనిక కుటుంబాలతో తవ్వకం: ఎవరికి ఏ పని?

ప్రశ్న: బ్రిటన్‌లో 2011లో మొదలైన ఆపరేషన్ నైటింగేల్ (గాయపడిన సైనికులు కోలుకోవడానికి పురావస్తు తవ్వకాల్లో పాల్గొనే కార్యక్రమం) తరహాలో, గాయపడిన మాజీ సైనికులతో పాటు వాళ్ల ఇంటివాళ్లనూ పురావస్తు తవ్వకానికి పిలుస్తున్నాం. మోకాళ్లు వంగనివాళ్లకు, పిల్లలకు ఏం పని ఇవ్వొచ్చండీ?

జవాబు 1: పిల్లలతో కుండపెంకులు కడిగించండి. చల్లని నీళ్లు, మెత్తటి టూత్‌బ్రష్ చాలు. ఒక ట్రేలో ఒక సంచిలోని పెంకులే పెట్టాలి, అవి ఏ మట్టిపొరలో దొరికాయో రాసిన చీటీ ట్రేలోనే ఉండాలి. చీటీ పోయిందా, ఆ పెంకు ఏ పొరదో ఇక తేలదు. విరిగిన అంచుల్లో మట్టి మిగిలితే అతుకు కుదరదు. ఇనుము మాత్రం తడపొద్దు, తుప్పు పెరుగుతుంది. ఆరబెట్టేది నీడలోనే.

జవాబు 2: మోకాళ్ల ఇబ్బంది ఉన్నవాళ్లకు బల్ల ఎత్తులో జల్లెడ పెట్టండి. అసలు జాగ్రత్త అస్థికల దగ్గర. ఆపరేషన్ నైటింగేల్ వాళ్లు తవ్విన బారో క్లంప్ అనే ఇంగ్లండ్ దిబ్బలో ఆంగ్లో-శాక్సన్ల (ఇంగ్లండ్‌లో తొలి మధ్యయుగాల ప్రజలు) సమాధులు బయటపడ్డాయి కదా! ఏ గుంటలో ఎముకలున్నాయో పొద్దున్నే చెప్పేయండి. వద్దన్నవాళ్లను కారణం అడక్కండి.

ప్రశ్న: ట్రేలు ఎన్ని?

జవాబు 1: మనిషికి రెండు. ఒకటి కడగడానికి, ఒకటి ఆరబెట్టడానికి.