ఓడల రూపకల్పన చదువులో ఏముంటుంది?

ప్రశ్న: తీరవాసి
ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసిన మా తమ్ముడు నావల్ ఆర్కిటెక్చర్ చదువుతానంటున్నాడు. మెకానికల్ ఇంజినీరు చేయలేని పని అందులో ఏముందని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతున్నారు. ఓడ ఆకారం గీయడం కాక ఈ వృత్తిలో ఇంకేముంటుందో తెలిసినవారు వివరించగలరని మనవి.

జవాబు: గరిమనాభి
గీయడం అందులో చిన్న భాగమేనండీ. ఓడ ఒరిగినప్పుడు నీట మునిగిన భాగం ఆకారం మారి, నీరు పైకి నెట్టే బలం ఒరిగిన వైపుకు జరుగుతుంది. గరిమనాభి, అంటే ఓడ మొత్తం బరువు పనిచేసే బిందువు, మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఏర్పడే దూరమే ఓడను మళ్లీ నిలబెడుతుంది. గరిమనాభి మరీ ఎత్తున ఉంటే ఓడ బోల్తా పడుతుంది కనుక, అది ఎంత కిందికి ఉంటే అంత మేలని కొత్తవారు అనుకుంటారు.

విశాఖ రేవులో ఇనుప ఖనిజం ఎక్కించుకునే ఓడలనే చూడండి. ఖనిజం చాలా బరువు కాబట్టి, హోల్డులు (సరుకు నింపే గదులు) సగం కూడా నిండకముందే ఓడ మోయగలిగినంత బరువు వచ్చేస్తుంది. గరిమనాభి బాగా దిగిపోయి, కెరటానికి ఒరిగిన ఓడ విసురుగా వెనక్కి లేస్తుంది. ఆ కుదుపు మనుషులకూ మంచిది కాదు, ఉక్కుకూ మంచిది కాదు. అందుకే పెద్ద బల్క్ క్యారియర్లలో (ఖనిజం వంటి విడి సరుకు మోసే ఓడల్లో) చాలాసార్లు హోల్డు విడిచి హోల్డు నింపి, సరుకును ఎత్తుగా పోస్తారు. అప్పుడు నిండిన హోల్డు కిందికి అదుముతుంటే పక్కనున్న ఖాళీ హోల్డును నీరు పైకి నెడుతుంది. రెండింటి నడుమ అడ్డగోడ దగ్గర కోత బలం, అంటే పక్కపక్క భాగాలను ఎదురు దిశల్లో తోసి తెంపజూసే బలం, విపరీతంగా పెరుగుతుంది. దాన్ని తట్టుకోవడానికి ఉక్కు మందం పెంచితే ఓడ సొంత బరువు పెరిగి, మోయగల సరుకు తగ్గి, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. నా దృష్టిలో ఈ వృత్తి అంటే ఆ లెక్కను తెగేదాకా తిప్పడమే.

జవాబు: అలలలెక్క
వేగం సంగతి కూడా చేర్చాలి. 1870ల తొలినాళ్లలో ఇంగ్లండులోని టార్కీలో విలియం ఫ్రౌడ్ అనే ఇంజినీరు చిన్న ఓడ నమూనాలను తొట్టిలో లాగి పరీక్షించారు. 25వ వంతు నమూనాను ఓడ వేగంలో ఐదో వంతుతో, అంటే 15 నాట్లకు (నాట్ అంటే ఓడల వేగపు కొలత) 3 నాట్లతో లాగితే, అది లేపే అలలు అసలు ఓడ అలలను పోలి ఉంటాయి. నీటి రాపిడి మాత్రం ఆ నియమానికి లొంగదు; దాన్ని విడిగా లెక్కకట్టాలి. విశాఖలోని నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లో ఇటువంటి తొట్టి 500 మీటర్ల పొడవున ఉంది.

జవాబు: రేవుమాట
ఐఐటీ ఖరగ్‌పూర్‌లోనూ, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ విశాఖ ప్రాంగణంలోనూ ఈ చదువు ఉంది. దరఖాస్తు చేసేటప్పుడు మెరైన్ ఇంజినీరింగ్‌తో పొరబడవద్దని మీ తమ్ముడికి చెప్పండి. అది ప్రధానంగా ఓడ మీద యంత్రాలను నడిపేవారి చదువు.