బీపీ వల్ల గుండె గోడ మందమైంది: చైనా మూలికా మందు పనిచేస్తుందా?

సుజౌ తెలుగోడు: ఉద్యోగం కోసం చైనాలోని సుజౌలో ఉంటున్నాను, నాన్నగారు నా దగ్గరికి వచ్చారు. పన్నెండేళ్లుగా బీపీ. ఇక్కడ ఎకో (గుండె స్కాన్) తీస్తే గుండెలో ఎడమ కింది గది, అంటే ఎడమ జఠరిక గోడ మందమైందన్నారు, పంపింగ్ మాత్రం 60 శాతం, అంటే మామూలుగానే ఉంది. పక్కింటి పెద్దాయన రోజూ మట్టికుండలో టియెన్‌మా, గోతెంగ్ అనే మూలికలు వేసి కషాయం కాచుకుంటారు, ఆ చేదు వాసన మెట్ల దాకా వస్తుంది. తన గుండెని నిలబెట్టింది అదేనట. అది విని నాన్న తన బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ మానేశారు, కషాయమే తాగుతానని పట్టుబట్టారు.

చైనా ఎంబీబీఎస్: చైనా వైద్యం అనగానే కొట్టిపారేయకండి. ఛీలీ ఛియాంగ్‌షిన్ అనే చైనా మూలికల క్యాప్సూల్‌ని 3,110 మంది హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్ల మీద పరీక్షించి 2024లో నేచర్ మెడిసిన్ పత్రికలో వేశారు. గుండె జబ్బుతో చనిపోవడం, లేదా ఫెయిల్యూర్ ముదిరి ఆస్పత్రిలో చేరడం, ఉత్తుత్తి క్యాప్సూల్ వేసుకున్నవాళ్లలో 30 శాతం, మందు వేసుకున్నవాళ్లలో 25 శాతం. మలేరియా మందు ఆర్టెమిసినిన్‌కి దారి చూపించింది కూడా పాత చైనా గ్రంథమే, దానికే చైనా శాస్త్రవేత్త తూ యూయూకి 2015లో నోబెల్ వచ్చింది.

గుండె డాక్టర్, విశాఖ: ఆ స్టడీ మంచిదే, కాదనను. కానీ అందులో అందరికీ పంపింగ్ 40 శాతం, అంతకంటే తక్కువ. వాళ్లు మామూలు మందులు వేసుకుంటూనే ఇది అదనంగా వేసుకున్నారు, ఏదీ మానలేదు. మీ నాన్నగారి గుండె నీరసించలేదు, ఏళ్ల తరబడి ఎక్కువ ఒత్తిడికి ఎదురు నెట్టీ నెట్టీ కండ పెరిగి బిగుసుకుంది. బీపీ దించితే ఆ మందం కొంత తగ్గుతుంది కూడా, అందుకే మాత్ర మానడం దగ్గరే నాకు భయం. ఇంకోటి, కషాయంలో గాన్‌త్సావో ఉందేమో అడగండి. అది మన అతిమధురమే, ఎక్కువ రోజులు తీసుకుంటే పొటాషియం పడిపోయి బీపీ పెరుగుతుంది. అసలు ఆ పెద్దాయన కషాయం ఒక్కటే తాగుతున్నారా?

సుజౌ తెలుగోడు: ఇప్పుడే వెళ్లి అడిగాను డాక్టర్ గారూ. కషాయంలో గాన్‌త్సావో లేదట. సొరుగు లాగి "ఇదీ చైనా మందే" అంటూ ఒక సీసా చూపించారు, పేరు జెన్‌జూ జియాంగ్యా. లేబుల్ ఫోన్‌తో చదివిస్తే ముత్యాల పొడి, అడవి చామంతి, వాటి కిందే క్లోనిడిన్, హైడ్రోక్లోరోథయజైడ్ అని వచ్చాయి!

చైనా ఎంబీబీఎస్: అవును, ఆ మాత్రలో ఆ చివరి రెండు ఇంగ్లీషు బీపీ మందులు కలిసే ఉంటాయి, చైనాలో చాలామంది ముసలివాళ్లు దాన్ని మూలికల మందనే వాడతారు. నాకు తెలిసీ ఆ సంగతి ముందే చెప్పలేదు, తప్పు నాదే.

గుండె డాక్టర్, విశాఖ: అంటే ఆయన బీపీని దించుతున్నవాటిలో మన ఫార్మసీలో దొరికే మందులు రెండున్నాయి. నాన్నగారికి ఆ లేబుల్ చూపించి ఆమ్లోడిపిన్ ఈ రాత్రికే మళ్లీ మొదలుపెట్టించండి. పెద్దాయనకి కూడా ఒక మాట చెప్పండి, ఇది విని ఆ మాత్ర టక్కున ఆపేస్తారేమో. క్లోనిడిన్ ఒక్కసారిగా మానేస్తే బీపీ ఎగదన్నుతుంది, ముందు ఆయన డాక్టర్‌ని కలవమనండి.